ఎడమ చేతి కత్తెర

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురం. అత్తయ్య, అత్తయ్య కొడుకైన మా బావ, బావ భార్య కాబట్టి నాకు అక్క వరసయిన అక్క, కత్తెరల కంపెనీ నుంచి వచ్చిన గళ్ళచొక్కా ఆయన, నేను. మధ్యాహ్నానికల్లా ముగ్గురు బయటికి వెళ్ళిపోయారు. మిగిలిన ఇద్దరిలో ఒకరు మాట్లాడటం మానేశారు. రెండోదాన్ని నేను. నాకు మామూలుగానే నోట్లోంచి మాట రాదు. అడుగుల చప్పుడు కూడా వినపడదని బావ నన్ను పిల్లి అని పిలుస్తాడు.

ఈ కథని వారానికి కొంత చొప్పున చెబుతున్నాను కదా, కిందటి వారం అత్తయ్య చెయ్యి దగ్గర ఆపాను. మా ఊరి బడిలో చదువు ముగించుకుని నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తల్లోనే అత్తయ్యకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఆవిడ బట్టలు కుట్టే మనిషి. ఆ చేత్తోనే బావని చదివించింది. చెయ్యి పోయాక అన్నం తినడం, సంతకం పెట్టడం, గుడ్డ మీద సుద్దతో గీత గీయడం, మిషన్ చక్రం తిప్పడం, అన్నీ ఎడమ చేత్తో మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంది. కత్తెర ఒక్కటే మాట వినలేదు. ఎడమచేతి వాటం వాళ్ళ కత్తెర ఒకటి బజారు నుంచి తెచ్చి చూశాం. అది పుట్టుకతో ఆ వాటం ఉన్నవాళ్ళ కోసం చేసినది. దాని బరువుకీ బిగువుకీ అత్తయ్య మణికట్టు వాచిపోయింది. అప్పుడు బావ, నేనే చేస్తానన్నాడు. ఒక చెయ్యి పడిపోయి, రెండో చేత్తో బతుకు మొదలుపెట్టినవాళ్ళ కోసం తేలికైన కత్తెర, కుడి చేతికి ఒక జత, ఎడమ చేతికి ఒక జత. కంపెనీవాళ్ళకి నచ్చింది. ఎడమ చేతి జత మొదటి నమూనాని ఆ పొద్దున్న అత్తయ్య చేతిలో పెట్టాలి. అక్కడిదాకా వచ్చాం.

మా ముందుగదిలో ఎదురెదురుగా రెండు బల్లలు, రెండు కంప్యూటర్లు. వస్తువుల నమూనాలు గీసేది వాటి మీదే. బావ వాడే సాఫ్ట్‌వేర్ ఒకటి, అక్క వాడేది ఇంకొకటి. బావ తనదాంట్లో ఆకారాన్ని తడిమట్టిలా లాగుతాడు, నొక్కుతాడు, నున్నగా చేస్తాడు. అంకె అనేది కనిపించదు. అక్కదాంట్లో అంతా అంకెలే. ముందు ఒక గీత, దానికో కొలత, ఆ కొలత మీద ఆధారపడి ఇంకో కొలత. మొదటిది మారిస్తే చివరిదాకా అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. మీ బావది పిండి పిసకడం అంటుంది అక్క. మీ అక్కది లెక్కల మాస్టారి బెత్తం అంటాడు బావ. నేను అక్క దగ్గర నేర్చుకుంటున్నాను. బెత్తం నాకు బడిలోనే అలవాటు.

చిక్కంతా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వస్తువుని పంపేటప్పుడు. ఆకారం వెళ్తుంది కానీ, అది ఎలా తయారైందో వెళ్ళదు. అవతలికి చేరేసరికి ఒట్టి ముద్ద. ఏ గీత ముందు గీశారో, ఎక్కడ ఎందుకు వంచారో ఏమీ చెప్పదు. అలాంటి ముద్ద తెర మీద తెరుచుకున్నప్పుడల్లా నాకు నేనే గుర్తొస్తాను, పెట్టె పట్టుకుని ఈ ఇంటి గోడకి ఆనుకుని నిలబడ్డ మొదటి రోజు. ఈ పిల్లకి ఏది ఇష్టమో, దేనికి భయమో ఇక్కడ ఎవరికీ తెలియదు. అత్తయ్యే ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుంది, చీకటంటే భయమని కూడా.

గళ్ళచొక్కా ఆయన మొదటిసారి వచ్చినప్పుడే ఈ విషయం ఎత్తాడు. మంచివాడే, మాట మెత్తన. బ్లేడ్లు చేసే ఫ్యాక్టరీ వాళ్ళది ఒక సాఫ్ట్‌వేర్, మీ ఇద్దరివీ రెండు, ఇన్ని అతుకులున్న చోట ఎక్కడో తప్పు దొర్లుతుంది, పని మొత్తం మాకు వదిలేయండి, మా ఆఫీసులో ఒకే పద్ధతిలో చేసుకుంటాం అన్నాడు. బావ ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళూ అతను డబ్బా మూతలూ తలుపు గొళ్ళేలూ గీసింది వేరేవాళ్ళ పేరు మీద. తన పేరుతో బయటికి వచ్చే మొదటి వస్తువు ఇదే. ఒక్క తప్పు మీ కంట పడినా ఆ రోజే మీకు అప్పగిస్తానని మాటిచ్చాడు. అప్పుడు అత్తయ్య గుమ్మం పక్కన కూర్చుని ఎడమ చేత్తో బఠాణీలు ఒలుస్తోంది. తల ఎత్తలేదు కానీ, వేళ్ళు ఆగాయి.

ఇక ఆ పొద్దున్న సంగతి.

అత్తయ్య తల నేనే దువ్వాను. ఎప్పుడూ లేనిది, ఇంకాస్త బిగించమంది. బ్లేడ్ల పార్సిల్ అప్పుడే వచ్చింది. పిడులు ముందే మా త్రీడీ ప్రింటర్ మీద తయారై ఉన్నాయి, బూడిదరంగువి. గళ్ళచొక్కా ఆయన ఎదుటే బావ బ్లేడ్లని పిడుల్లోకి దించి, మధ్య స్క్రూ బిగించాడు. బిగించేటప్పుడు స్క్రూడ్రైవర్ రెండుసార్లు జారింది. అక్క సాయం చేయబోయి, ఆయన ముందు బాగుండదనుకుందేమో, చేతులు వెనక్కి కట్టుకుంది.

ఆ పిడి ఆకారం అత్తయ్య చేతిదే. మెత్తటి మట్టి ముద్ద ఇచ్చి గట్టిగా పట్టుకోమని, ఆ పట్టుని స్కాన్ చేసి, దాని మీద బావ పని మొదలుపెట్టాడు. ప్రతి మార్పుకీ వచ్చి అమ్మ చేతిని తన చేతిలోకి తీసుకుని వేళ్ళు మడిచి చూసేవాడు, విప్పి చూసేవాడు. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు కూడా ఇంతసేపు పట్టుకోలేదురా అని అత్తయ్య నవ్వేది. లాక్కునేది మాత్రం కాదు.

కత్తెర చేతికి అందగానే అత్తయ్య వేళ్ళు ఎవరూ చెప్పకుండా వాటి వాటి చోట్లకి వెళ్ళిపోయాయి. బొటనవేలు కన్నంలోకి నున్నగా దిగింది.

"భలే కుదిరిందిరా," అంది.

బావ మొహం వెలిగిపోయింది. అత్తయ్య కత్తెరని కిటికీ వెలుతురుకి ఎత్తి, సగం తెరిచి, ఇటూ అటూ తిప్పి చూసింది. కొత్త కత్తెర ఏది చేతికొచ్చినా అలాగే చూస్తుంది. తర్వాత బల్ల మీద పరిచిన తెల్లగుడ్డ అంచున పెట్టి నొక్కింది.

తెగలేదు. గుడ్డ రెండు బ్లేడ్ల మధ్యకి మడతపడి ఇరుక్కుంది.

బావ, కంగారు పడకు అమ్మా, మెల్లగా అన్నాడు. అత్తయ్య గుడ్డని విడిపించుకుని మళ్ళీ నొక్కింది. మళ్ళీ మడత. ఇంకోసారి. నేనైతే అత్తయ్య చెయ్యి వైపు చూడలేక ఆవిడ పాదాల వైపు చూశాను. కుడి పాదం ఎప్పుడూ కొంచెం లోపలికి తిరిగి ఉంటుంది. ఆ నిమిషంలో ఎడమ పాదం కూడా అలాగే ముడుచుకుంది.

గళ్ళచొక్కా ఆయన లేచి, ఏదీ ఒకసారి ఇలా ఇవ్వండమ్మా అని కత్తెర తీసుకున్నాడు. పిడి తన చేతికి సరిపోకపోయినా రెండు వేళ్ళు ఎలాగో దూర్చి గుడ్డ మీద నడిపాడు. ఈ చివర నుంచి ఆ చివరికి సర్రున తెగిపోయింది. బావ కూడా తీసుకుని ఒకసారి కత్తిరించాడు. తెగింది. కత్తెర బాగానే ఉందని ఆయన మెల్లగా అన్నాడు. అన్నాక, అనకుండా ఉండాల్సిందేమో అన్నట్టు అత్తయ్య వైపు చూశాడు.

"కత్తెరకేం, బంగారంలా ఉంది," అంది అత్తయ్య. "నా చెయ్యే చేతకానిదైపోయింది నాయనా. ఆ మిషన్ కూడా ఎవరికైనా ఇచ్చేయండిరా, మూల కూర్చుని దుమ్ము పడుతోంది."

నవ్వుతూనే అంది. అని, కుర్చీ చేతి మీద బరువు వేసి లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది. బావ వెనకే వెళ్ళబోతే, నన్ను కాసేపు పడుకోనీరా అంది.

తర్వాత మాటలన్నీ వీధి మెట్ల దగ్గర జరిగాయి, అత్తయ్యకి వినపడకుండా. గళ్ళచొక్కా ఆయన చెప్పింది ఏమిటంటే, ఒక్క చేతిని బట్టి వస్తువుని తీసిపారేయలేం, అమ్మగారు ఇంకా కోలుకుంటున్నారు, పిడి బాగా వచ్చింది, కత్తెర తెగుతోంది. ప్లాస్టిక్ పిడులకి ఉక్కుతో అచ్చులు చేసే షెడ్డు ఉంది. అక్కడ ఇవాళ అచ్చులు కోసే మిషన్ ఖాళీ అయింది. ఇవాళ కాదంటే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం. అచ్చు ఒకసారి కోశాక మార్చడం కుదరదు కాబట్టి ఇద్దరూ వచ్చి దగ్గరుండి చూసుకోండి అన్నాడు.

బావ గేటు ఊచలు గోటితో గీకుతూ నిలబడ్డాడు.

"అమ్మ కోసం మొదలుపెట్టింది అమ్మకే పనికిరాకపోతే దీన్ని బయటికి పంపి ఏం లాభం?" అన్నాడు అక్కతో.

"ఆవిడ లాంటివాళ్ళు ఇంకెంతమంది ఉన్నారు," అంది అక్క. "పద. ఆవిడకి నెమ్మదిగా అలవాటవుతుంది."

వెళ్ళేముందు అక్క నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టింది. షెడ్డు వాళ్ళ కంప్యూటర్ మన ఫైళ్ళు తెరవదు, అందరికీ తెరుచుకునే మామూలు రకంలోకి మార్చాలి. మారేటప్పుడు ఒక్కోసారి గుండ్రటి అంచు విచ్చుకుపోతుంది, ఒక్కోసారి ఒక ముక్క రాలిపోతుంది. అందుకని మార్చాక రెండు జతలూ పక్కపక్కన పెట్టి, ఒక్కొక్క ముక్కకి ఒక్కో రంగు వేసి, అన్నీ ఉన్నాయో లేదో చూడమంది. షెడ్డుకి చేరాక ఫోన్ చేస్తాను, అప్పుడు పంపెయ్ అంది. ఫోన్ అనగానే నా మొహం చూసి నవ్వింది. నువ్వేం మాట్లాడక్కర్లేదులే, ఊ అంటే చాలు అంది. స్పీకర్ పెట్టి మాట్లాడతాను, మీ బావకి కూడా నీ ఊ వినపడాలి కదా అంది.

వాళ్ళు వెళ్ళాక ఇల్లు నిశ్శబ్దమైపోయింది. అత్తయ్య గది తలుపు ఓరగా వేసి ఉంది. మంచినీళ్ళ గ్లాసు లోపల పెట్టి వచ్చాను. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. తినడానికి పెట్టనా అంటే, ఆకలి లేదంది. మూల ఉన్న మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. దాన్ని చూస్తే నాకు ఏడుపొచ్చి బయటికి వచ్చేశాను.

పని మొదలుపెట్టాను. పిడులకి ఆకుపచ్చ, కింది బ్లేడుకి నీలం, పై బ్లేడుకి ఎరుపు. ఎడమ చేతి జత తెరకి ఎడమవైపు, కుడి చేతి జత కుడివైపు, రెండింటి మొనలూ పైకి. ఏ ముక్కా రాలిపోలేదు. ఏ అంచూ విచ్చుకోలేదు. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

అయినా ఏదో బాగాలేదు. ఏమిటో తెలియలేదు. పిడులు చక్కగా అద్దంలో బొమ్మల్లా ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి, ఇటు వంపుకి అటు వంపు. బావ అత్తయ్య పట్టుని అటు తిప్పి కుడి చేతి జత ముందు చేసి, దాన్ని మిర్రర్ కమాండుతో మళ్ళీ ఇటు తిప్పి ఎడమ చేతి జత చేశాడు. కాబట్టి అన్నీ ఎదురెదురుగానే ఉండాలి. ఉన్నాయి కూడా, ఎరుపు తప్ప. కుడి చేతి జతలో ఎర్ర బ్లేడు కుడివైపు ఉంది. ఎడమ చేతి జతలోనూ కుడివైపే ఉంది.

నేనే ఏదో పాడుచేశాననుకున్నాను. మార్చిన ఫైల్ మూసేసి, మార్చకముందు ఉన్న అసలు ఫైల్ తెరిచాను. అందులోనూ అంతే. బావ ఫైల్ తెరిచాను. అందులోనూ అంతే. అప్పుడు బ్లేడు మీద నొక్కితే పక్కన చిన్న తాళం బొమ్మ కనిపించింది. అవి ఫ్యాక్టరీ వాళ్ళు పంపిన బ్లేడ్లు, ఎవరూ చెయ్యి పెట్టకుండా తాళం వేసి పంపిన ముద్దలు. మిర్రర్ అన్నప్పుడు బావ గీసిన పిడులు తిరిగాయి. తాళం ఉన్న బ్లేడ్లు తిరగలేదు. తర్వాత ఆ ఫైల్ అక్క దగ్గరికి వచ్చింది. అక్క, బ్లేడు ఎటుంటే అటు, దానికి సరిపోయేలా పిడిలో గాడి తవ్వింది. బ్లేడు గాడిలో సరిగ్గా కూర్చుంది కాబట్టి ఇద్దరికీ అనుమానం రాలేదు.

తెర మీద చూసింది నమ్మడం నాకు ఇంకా చేతకాదు. బల్ల మీద ఆ నమూనా కత్తెర అలాగే ఉంది. పక్కన గుడ్డ ముక్కలు. నా ఎడమ చేత్తో పట్టుకుని నొక్కాను. గుడ్డ మడతపడి ఇరుక్కుంది, అచ్చం అత్తయ్యకి అయినట్టే. కుడి చేతిలోకి మార్చాను. పిడి బొటనవేలిని నొక్కేసింది కానీ, గుడ్డ తెగింది.

గళ్ళచొక్కా ఆయన కుడి చేత్తో పట్టుకున్నాడు. బావా కుడి చేత్తోనే. వాళ్ళకి తెలియకుండానే చెయ్యి అలా ముందుకొచ్చింది. కత్తెరని నొక్కేటప్పుడు చెయ్యి దానంతట అది రెండు బ్లేడ్లనీ ఒకదానికొకటి రాసుకునేలా అదుముతుంది. అదే కత్తెర రెండో చేతిలో ఉంటే, అదే నొక్కు వాటిని దూరం జరుపుతుంది. ఎంత బలం ఉన్న ఎడమ చెయ్యి అయినా ఆ కత్తెరతో చేసేదేమీ లేదు.

అంటే అత్తయ్య చెయ్యి బాగానే ఉంది.

ఆ ఒక్క మాట తప్ప నాకు ఇంకేమీ తోచలేదు. కత్తెరా గుడ్డముక్కా పట్టుకుని పరుగెత్తాను. ఆ ఇంట్లో నా అడుగుల చప్పుడు నాకే కొత్తగా వినపడింది.

అత్తయ్య లేచి మంచం అంచున కూర్చుంది. ఏమే, ఏమైంది, అలా రొప్పుతున్నావేం అంది. నేను నిలబడ్డచోటే మొత్తం చెప్పేశాను. తాళం, మిర్రర్, గాడి, ఎర్ర బ్లేడు, ఏది ముందో ఏది వెనకో కూడా చూసుకోలేదు. కుడి చేత్తో కత్తిరించి చూపించాను, ఎడమ చేత్తో కత్తిరించలేక చూపించాను. తప్పు నీ చేతిది కాదు అత్తయ్యా అన్నాను. అన్నాక ఆవిడ ఏడుస్తుందనుకున్నాను, లేకపోతే నన్ను దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను.

అత్తయ్య నా చేతిలోంచి కత్తెర తీసుకుని పక్కమీద పెట్టింది.

"తెలుసే," అంది.

నాకు అర్థం కాలేదు.

"వెలుతురులో తిప్పి చూసినప్పుడే తెలిసింది. అటు ఉండాల్సిన బ్లేడు ఇటు ఉంది. ఇన్నేళ్ళు చేత్తో పట్టిన వస్తువు, ఆమాత్రం తెలియదా?"

"మరి ఎందుకు కత్తిరించావు? అన్నిసార్లు?"

"వాడు చూస్తున్నాడు కదే."

నేను కింద కూర్చుండిపోయాను. అత్తయ్య నా నుదుటి మీద పడ్డ వెంట్రుకలు వెనక్కి తోసింది. పొద్దున్నుంచి బయటపడని అలసట అంతా ఇప్పుడు ఆవిడ మొహంలో కనిపించింది. ఆయన ముందు వాడు ఏం మాటిచ్చాడో నువ్వూ విన్నావుగా అంది. ఒక్క తప్పు కంట పడినా అప్పగించేస్తానన్నాడు. ఆ తప్పు నేనే ఎత్తి చూపించి, వాడి కత్తెర వాడి చేతిలోంచి లాగి ఆయన చేతిలో పెట్టనా అంది.

"నా చెయ్యి పోయి చాలాకాలమైంది. ఇంకోసారి పోయిందంటే ఎవరికీ కొత్తగా ఉండదు. వాడి మాట పోతే వాడు తట్టుకోలేడు."

"మిషన్ ఇచ్చేయమన్నావుగా?"

"ఎవరినైనా వచ్చి ముట్టుకోమను, చూస్తాను."

ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి నాకు. అత్తయ్యా నవ్వింది. ఆవిడ అంతా ఆలోచించి పెట్టుకుంది. రాత్రి వాడికి అన్నం వడ్డించేటప్పుడు ఊరికే మాటల్లో బ్లేడు ఊసెత్తుతుందట. పైది ఏదిరా, కిందది ఏదిరా అని తెలియనట్టు అడుగుతుందట. వాడు చెబుతూ చెబుతూ ఆగిపోతాడట. చేయి కడుక్కోకుండానే కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తుతాడట. చిన్నప్పుడు లెక్కలు అలాగే చెప్పేదాన్ని, అన్నీ తనే కనిపెట్టాననుకునేవాడు అంది. ఆయనకి తెలిసేలోపు దిద్దుకుంటాడు, ఇంకో జత చేసుకుంటాడు, అప్పుడు చూద్దువుగాని నా చెయ్యి సంగతి అంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, అత్తయ్య వీధి మెట్ల దగ్గర మాటలు వినలేదని.

చెప్పాను. ఇంకో జత లేదు, రాత్రి దాకా ఆగేది లేదు, వాళ్ళు ముగ్గురూ అచ్చుల షెడ్డుకి వెళ్ళారు. అక్క ఫోన్ చేయగానే నేను ఫైల్ పంపాలి. పంపగానే ఈ పిడులకే, ఈ తప్పు గాడితోనే ఉక్కు కోస్తారు. తర్వాత మార్చడం కుదరదు.

అత్తయ్య నవ్వు అలాగే ఆగిపోయింది.

"ఇవాళా?"

"ఇవాళే."

"నేను నా చెయ్యి బాగాలేదంటే ఇంక అది ఆగిపోతుందనుకున్నానే. వీళ్ళు అలాగే చేసేస్తున్నారా?"

కత్తెర బాగుందని నువ్వే అన్నావుగా అనబోయి ఆగాను. ఆవిడకీ అదే గుర్తొచ్చినట్టుంది. పక్కమీద కత్తెర వైపు చూసింది. ఎక్కడో ఎవరి ఇంట్లోనో, కుడి చెయ్యి పడిపోయిన ఇంకొకావిడ దాన్ని విప్పి, గుడ్డ మీద పెట్టి, తెగకపోతే తన చెయ్యే పోయిందనుకుంటుంది. నేను అది అనలేదు. అత్తయ్య మొహంలో చదివాను.

"పంపకు," అంది.

"పంపకపోతే ఎందుకు పంపలేదని అడుగుతారు. ఆయనా అక్కడే ఉంటాడు. అక్క స్పీకర్ పెడతానంది. నువ్వే మాట్లాడు అత్తయ్యా. నువ్వు చెబితే బావ వింటాడు."

అత్తయ్య తల అడ్డంగా ఊపింది. తను చెబితే బావ పొద్దున్నదంతా తవ్వుకుంటాడట. అమ్మకి ముందే తెలుసా, తెలిసే నా కోసం అందరిముందూ చేతకానిదానిలా కూర్చుందా అని. అది తెలిస్తే వాడు మళ్ళీ నా చెయ్యి పట్టుకోడే అంది. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం గొంతు తడబడింది, జబ్బు చేసిన కొత్తల్లోలాగా.

ముందుగదిలో ఫోన్ మోగడం మొదలైంది.

అత్తయ్య మంచం కోడు పట్టుకుని లేచింది. కుడి కాలు ఈడ్చుకుంటూ గుమ్మం దాకా నన్ను నడిపించింది, లేదా నన్ను ఆసరా చేసుకుని తనే నడిచిందేమో. ఫోన్ ఆగింది. వెంటనే మళ్ళీ మొదలైంది.

"నువ్వు అది ఎక్కడ చూశావన్నావు?"

"అక్క కంప్యూటర్లో. పంపేముందు ఒకసారి సరిచూడమంది."

"సరిచూడమంటే చూశావు. అంటే ఈ తప్పు ఆయన కంట పడలేదు, మన ఇంట్లో పనిచేసే పిల్ల కంట పడింది. వాడి మాట ఎక్కడికీ పోలేదు." అత్తయ్య కళ్ళలో పాత మెరుపు వచ్చింది, తప్పు కుట్టు విప్పేటప్పుడు ఉండే మెరుపు. "వెళ్ళి చెప్పు."

"నేనా? అందరి ముందూనా?"

"ఇప్పుడు నాకు చెప్పావుగా, అలాగే."

"నీకు చెప్పడం వేరు అత్తయ్యా. నువ్వు పక్కన నిలబడితే చాలు. ఒక్క మాట సాయం చెయ్యి."

"నేనేం సాయం చేస్తాను? నాకేం తెలుసని?" అంది అత్తయ్య. "నేను చూడలేదుగా. నా చెయ్యే చేతకానిది. చూసింది నువ్వు."

ఎడమ అరచేతిని నా వీపు మీద పెట్టి నన్ను గుమ్మం అవతలికి నెట్టింది. మెత్తగానే నెట్టింది, కానీ అందులో నేననుకున్నదానికంటే చాలా బలం ఉంది. నేను వెనక్కి తిరిగేసరికి, ఆవిడ తలుపు వేసి లోపల గడియ పెట్టేసుకుంది.